గ్రామసభ - పౌరుని పాత్ర

పాఠ్యభాగ నేపథ్యం

స్థానిక స్వపరిపాలన అనగానే సర్పంచి, వార్డు సభ్యులు, ఎన్నికల సందడి మన మనస్సులో మెదలుతాయి. ఎన్నిక ముగిసిన తరువాత ఐదేళ్లపాటు సామాన్య పౌరునికి పని లేదని భావించేవారే అధికం. ఎన్నికైన వారిని ప్రశ్నించడానికీ, వారితో కలసి పనిచేయడానికీ రాజ్యాంగం కల్పించిన వేదిక గ్రామసభ. దాని స్వరూపాన్ని, అందులో పౌరుడు నిర్వహించవలసిన పాత్రను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం. ఇది వ్యాస ప్రక్రియకు చెందినది.

పాఠ్యభాగం

మీలో చాలామందికి త్వరలోనే 18 సంవత్సరాలు నిండుతాయి. ఆనాడు ఓటుహక్కు లభిస్తుందని అందరూ చెబుతారు. దానితోపాటు మరొక హక్కు కూడా సంక్రమిస్తుందని చెప్పేవారు అరుదు. గ్రామంలోని ఓటర్ల జాబితాలో మీ పేరు చేరిన నాటి నుంచి మీరు ఒక సభకు సభ్యులవుతారు. శాసనసభ్యుడు కావాలంటే 25 ఏళ్లు నిండాలి, ఎన్నికలో గెలవాలి. ఈ సభకు అవేవీ అక్కరలేదు. దీనికి పోటీ లేదు, ప్రచారం లేదు, పదవీకాలం ముగియడమనేది లేదు. ఊరిలో ఓటరుగా ఉన్నంతకాలం సభ్యత్వం ఉంటుంది. ఆ సభే గ్రామసభ. శాసనసభలోనూ పార్లమెంటులోనూ మన పక్షాన మరొకరు మాట్లాడతారు. పౌరుడు తన మాట తానే చెప్పుకోగల ఏకైక రాజ్యాంగబద్ధ సభ ఇదే.

ఊరిపని ఊరే చూసుకోవాలనే ఆలోచన మన నేలకు కొత్తది కాదు. తమిళనాడులోని కాంచీపురం జిల్లాలో ఉత్తరమేరూరు అనే ఊరున్నది. అక్కడి ఆలయ కుడ్యాలపై మొదటి పరాంతక చోళుని కాలం నాటి శిలాశాసనాలు కనిపిస్తాయి. అవి క్రీస్తుశకం 10వ శతాబ్ది తొలినాళ్లకు చెందినవి. ఊరిని 30 వాడలుగా విభజించి, అర్హుల పేర్లను తాటాకులపై రాసి, కుండలో వేసి, ఒక బాలుని చేత తీయించి సభ్యులను నిర్ణయించేవారని ఆ శాసనం తెలుపుతున్నది. చెరువుకు ఒక సంఘం, తోటలకు ఒక సంఘం ఉండేవి. అంతకు పూర్వం సంఘంలో పనిచేసి లెక్క అప్పగించని వ్యక్తి మళ్లీ సభ్యత్వానికి అర్హుడు కాడు. అతని దగ్గరి బంధువులు సైతం అనర్హులే.

ఈ వృత్తాంతాన్ని చదివి గర్వించడం సహజం. అయితే ఆ సభలో చోటు దొరకాలంటే భూమి ఉండాలి, సొంత ఇల్లు ఉండాలి, వేదవిద్య తెలిసి ఉండాలి. పొలం దున్నినవానికి, చెరువు తవ్వినవానికి, స్త్రీలకు ఆ కుండలో పేరు లేదు. ఆనాటి సభ ద్వారం ఇరుకైనది. లెక్క చెప్పనివానికి చోటు లేదన్న నియమం మాత్రం నేటికీ ఆదర్శప్రాయమైనది. ఈనాడు ద్వారం విశాలమైంది. ఆ నియమాన్ని నిలబెట్టవలసిన బాధ్యత మనపై ఉన్నది.

స్వాతంత్ర్యానంతరం రాజ్యాంగంలోని 40వ అధికరణం గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేయవలసిందిగా రాజ్యాన్ని ఆదేశించింది. 1957లో బల్వంతరాయ్ మెహతా సంఘం మూడంచెల వ్యవస్థను సూచించింది. 1959 అక్టోబరు 2న రాజస్థాన్‌లోని నాగౌర్‌లో పంచాయతీరాజ్ ప్రారంభమైంది. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్ కూడా ఆ బాటలో నడిచింది. 73వ రాజ్యాంగ సవరణ 1993 ఏప్రిల్ 24న అమలులోకి వచ్చి, పంచాయతీలకు ఐదేళ్ల పదవీకాలాన్ని, స్త్రీలకు మూడింట ఒక వంతుకు తగ్గకుండా స్థానాలను కల్పించింది. తెలుగు రాష్ట్రాలు రెండింటిలోనూ స్త్రీల వాటా సగానికి చేరింది. ఆ సవరణే గ్రామసభను రాజ్యాంగంలో నిర్వచించింది. గ్రామానికి సంబంధించిన ఓటర్ల జాబితాలో పేర్లున్న వారందరితో కూడినదే గ్రామసభ.

ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం 1994లోనూ, తెలంగాణ పంచాయతీరాజ్ చట్టం 2018లోనూ రూపొందాయి. తెలంగాణ చట్టం ప్రకారం రెండు నెలలకు ఒకసారైనా గ్రామసభ జరగాలి. పంచాయతీ వార్షిక ఆదాయవ్యయాలు, తనిఖీ నివేదిక, రాబోయే ఏడాది చేపట్టవలసిన పనులు, కొత్త పన్నుల ప్రతిపాదనలు, పథకాల లబ్ధిదారుల ఎంపిక వంటి విషయాలు గ్రామసభ ముందుకు రావాలి. సర్పంచి అధ్యక్షత వహిస్తారు. పంచాయతీ కార్యదర్శి వివరాలు చదివి, తీర్మానాలను పుస్తకంలో నమోదు చేస్తారు. కాగితం మీద ఇంతకంటె చక్కని ఏర్పాటు మరొకటి ఉండదు. కాని కాగితానికీ ఊరికీ మధ్య ఉన్న దూరం ఎంతో నాకు ఒక సంఘటన తెలియజెప్పింది.

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నేను మా ఊరి నుంచే కళాశాలకు వెళ్లి వచ్చేవాణ్ణి. ఒకనాటి సాయంకాలం పంచాయతీ నుంచి ఒక మనిషి పుస్తకం పట్టుకొని మా ఇంటికి వచ్చాడు. “పొద్దున సభ అయిపోయింది మాస్టారూ, ఇక్కడ ఒక సంతకం పెట్టండి” అన్నాడు. పరీక్షపత్రాలు దిద్దుతున్న నేను అదే ఎర్రసిరా కలంతో సంతకం చేసి పుస్తకం తిరిగి ఇచ్చాను. పైన ఏమి రాసి ఉన్నదో చదవలేదు.

కొన్ని నెలల తరువాత సెలవురోజున మళ్లీ గ్రామసభ జరిగింది. ఈసారి వెళ్లాను. పాఠశాల ఆవరణలో ముప్పై కుర్చీలు వేశారు. వాటిలో సగం ఖాళీగా ఉన్నాయి. కార్యదర్శి గత సభ ఆమోదించిన ఖర్చులు చదువుతూ, ఊరి చివరి వాడలో బోరింగు మరమ్మతుకు అయిన మొత్తాన్ని పేర్కొన్నాడు. వెనుక నిలబడి ఉన్న ఒక పొదుపు సంఘం సభ్యురాలు ముందుకు వచ్చింది.

“అయ్యా, ఆ బోరింగు మా ఇంటి ముందరే ఉంది. దసరా పోయిన కాడి నుంచి దాంట్లో చుక్క నీరు రాలేదు. పొలం బావి నుంచి మోసుకుంటున్నాం. బాగుచేయించినట్టు ఎవరు ఒప్పుకొన్నారో ఒక్కసారి చదవండి” అన్నది.

సభ నిశ్శబ్దమైంది. కార్యదర్శి పుస్తకం తెరచి సంతకాలు చేసినవారి పేర్లు చదివాడు. మూడవ పేరు నాది. ఎర్రసిరా సంతకం దూరం నుంచి కూడా కనబడుతున్నది. ఆమె నా వైపు తిరిగి, “మాస్టారూ, ఆ రోజు మీరు సభకు వచ్చారా?” అని అడిగింది. ఆ గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. నేను తలవంచుకొని, “రాలేదమ్మా, చదవకుండా సంతకం చేశాను” అన్నాను. నాతోపాటు మరి నలుగురు అదే మాట చెప్పారు. ఖర్చు పద్దును మళ్లీ పరిశీలించాలని ఆ రోజు తీర్మానం జరిగింది. పదిహేను రోజులలో బోరింగు బాగుపడింది.

ఆ ఇల్లాలు చట్టం చదవలేదు. తన ఇంటి ముందరి నీటిని గురించి, సరియైన చోట, సరియైన ప్రశ్న వేసింది. చదువుకున్న నేను సంతకం చేసి ఆమె వాడకు నీళ్లు లేకుండా చేయడంలో భాగస్వామినయ్యాను. అవినీతి చేసేవారి వల్ల ఎంత నష్టం కలుగుతుందో, చూడకుండా ఒప్పుకొనేవారి వల్ల కూడా అంత నష్టం కలుగుతుందని నాకు ఆనాడు అర్థమైంది.

పౌరుడు పాలనలో పాలుపంచుకోవడానికి మూడు మెట్లున్నాయి. మొదటిది తెలుసుకోవడం. సభ ఎప్పుడో, చర్చించే విషయాలేవో ముందుగా తెలియాలి. దండోరా వినబడకపోతే పంచాయతీ కార్యాలయానికి వెళ్లి అడగాలి. సమాచారం ఇవ్వకపోతే 2005లో వచ్చిన సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టవచ్చు. సాధారణంగా 30 రోజులలో సమాధానం రావాలి. మన రాష్ట్రాల నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయానికి పెట్టే దరఖాస్తుకు రుసుము లేదు.

రెండవది ప్రశ్నించడం. మంచి ప్రశ్నకు కొన్ని లక్షణాలున్నాయి. “ఊరిలో ఏ పనీ జరగడం లేదు” అన్నది ప్రశ్న కాదు, నిట్టూర్పు. “ఫలానా వీధి మురుగుకాలువకు ఎంత మంజూరైంది? ఎన్ని మీటర్లు తవ్వారు?” అన్నది ప్రశ్న. దానికి సమాధానం అంకెలలోనే రావాలి. ప్రశ్నను కాగితంపై రాసి ఇచ్చి, తీర్మానాల పుస్తకంలో నమోదు చేయమని కోరాలి. వ్యక్తిని నిందించక పనిని గురించి అడిగితే, ప్రశ్న తగవుగా మారకుండా ఉంటుంది.

మూడవది పని చేయడం. అడిగినవాడు అవసరమైనప్పుడు చేయి కలపాలి. తెలంగాణ చట్టం పారిశుద్ధ్యం, వీధిదీపాలు, మొక్కల పెంపకం, అభివృద్ధి పనుల కోసం స్థాయీసంఘాలను ఏర్పరచింది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రభుత్వ పాఠశాలల యాజమాన్య సంఘాలలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులో సంరక్షకులో కావాలన్నది. సాగునీటి నిర్వహణలో రైతులకు భాగం కల్పిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ప్రత్యేక చట్టం వచ్చింది. ఈ సంఘాలలో పేరు ఇచ్చి ఊరకుండేవారు చాలామంది. ప్రతి సమావేశానికి వెళ్లే ఇద్దరు ముగ్గురుంటే చాలు, సంఘానికి ప్రాణం వస్తుంది.

ఈ మూడు మెట్లు ఎక్కిన పల్లెలున్నాయి. వరంగల్లు ప్రాంతంలోని గంగదేవిపల్లి ఒకప్పుడు వేరొక పంచాయతీకి శివారు పల్లె. సారాకు దూరమై, 1990ల దశకంలో ప్రత్యేక పంచాయతీగా ఏర్పడి, పాలకవర్గమంతా మహిళలే అయిన కాలాన్ని కూడా అది చూసింది. తాగునీరు, పారిశుద్ధ్యం, ఆరోగ్యం, పొదుపు మొదలైన ఒక్కొక్క అంశానికి ఒక్కొక్క సంఘం ఏర్పరచుకొని, ఇంటిపన్ను నూటికి నూరుపాళ్లు చెల్లించిన గ్రామంగా పేరు పొందింది. పన్ను చెల్లించినవానికి లెక్క అడిగే ధైర్యం ఉంటుంది. లెక్క చెప్పిన పంచాయతీకి పన్ను అడిగే ముఖం ఉంటుంది. ఆ ఊరి విజయ రహస్యం ఇదే.

గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. 2005 నాటి ఆ చట్టం పనులపై సామాజిక తనిఖీ చేసే బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. నాటి ఆంధ్రప్రదేశ్‌లో కూలీల కుటుంబాలకు చెందిన యువతీయువకులు శిక్షణ పొంది, ఇంటింటికీ వెళ్లి, మస్టరు రోల్లో ఉన్న పేరుకూ చేతికందిన కూలికీ పొంతన ఉన్నదా అని విచారించారు. వారు కనుగొన్న విషయాలను గ్రామసభలోనూ, మండల స్థాయి ప్రజావేదికలోనూ అందరి ఎదుట చదివారు. ఈ తనిఖీల నిర్వహణకు 2009లో ప్రత్యేక సంస్థ ఏర్పడింది. ఇంటర్మీడియట్ స్థాయి చదువు, కూడికలు తీసివేతలు, నలుగురిలో మాట్లాడే నేర్పు ఉంటే ఒక యువకుడు ఊరికి ఎంత మేలు చేయగలడో దీనివల్ల తెలుస్తున్నది.

గ్రామసభ మాటకు ఎంత బరువు ఉండగలదో ఒడిశాలోని నియమగిరి నిరూపించింది. ఆ కొండలలో బాక్సైట్ తవ్వకం తమ ఆరాధనా హక్కులకు భంగమా కాదా అన్న విషయాన్ని గ్రామసభలే పరిశీలించాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే ఏడాది రాయగడ, కలహండి జిల్లాలలోని 12 గ్రామాలలో సభలు జరిగాయి. పన్నెండూ తవ్వకాన్ని నిరాకరించాయి. 2014 జనవరిలో కేంద్ర ప్రభుత్వం అనుమతిని తిరస్కరించింది. అక్షరజ్ఞానం అంతగా లేని డోంగ్రియా కోందులు తమ కొండను తమ మాటతో కాపాడుకొన్నారు.

పట్టణవాసులు మాకేమున్నదని అనుకోరాదు. 74వ రాజ్యాంగ సవరణ మూడు లక్షలు, అంతకు మించిన జనాభా గల పట్టణాలలో వార్డు సంఘాలు ఉండాలన్నది. తెలంగాణ పురపాలక చట్టం 2019లో వచ్చింది. అది ప్రతి వార్డుకూ యువకులు, మహిళలు, వయోవృద్ధులు, ప్రముఖ పౌరులతో నాలుగు సంఘాలను నిర్దేశించింది.

ఈ మార్గం నల్లేరు మీద బండి నడక కాదు. సభకు వస్తే కూలివాని రోజుకూలి పోతుంది. కులభేదాలు, కక్షలు ఉన్న ఊళ్లలో పేదవాడు నోరు విప్పడానికి జంకుతాడు. కొన్నిచోట్ల సర్పంచి అయిన భార్య కుర్చీలో భర్త కూర్చుంటాడు. వీటిని లేవని చెప్పడం ఆత్మవంచన. ఒంటరిగా అడగలేనివారు పదిమంది కలసి వెళ్లాలి. సాయంత్రం వేళ సభ పెట్టమని ముందుగానే కోరాలి. మహిళా సర్పంచినే సభ సంబోధించాలి. ఇవన్నీ చిన్న పనులు, కాని ఇటువంటివే సభను సభగా నిలుపుతాయి.

విద్యార్థులారా! 17 ఏళ్లు నిండినవారు ఓటు నమోదుకు ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చు. 2022 నుంచి ఏడాదిలో నాలుగు అర్హత తేదీలు అమలులో ఉన్నాయి. అంతవరకు మీ అమ్మానాన్నలతో కలసి గ్రామసభకు వెళ్లండి. చదవలేనివారికి జాబితా చదివి వినిపించండి. వీధిలో వెలగని దీపాలను లెక్కించి రాసి ఇవ్వండి. ఎవరైనా పుస్తకం తెచ్చి సంతకం అడిగితే, పైన ఉన్నది పూర్తిగా చదవండి. ఆ కాగితంలో ఎవరి ఇంటి నీళ్లు ఉన్నాయో మీకు తెలియదు.

కఠిన పదాలు - అర్థాలు

సంక్రమించు = చేరు, లభించు
కుడ్యం = గోడ
అధికరణం = రాజ్యాంగంలోని ఒక విభాగం
లబ్ధిదారుడు = మేలు పొందేవాడు
పద్దు = లెక్కల పుస్తకంలోని ఒక అంశం
దండోరా = చాటింపు
శివారు = పొలిమేర
పొంతన = సరిపోలిక
జంకు = భయపడు
ఆత్మవంచన = తనను తాను మోసగించుకోవడం
నల్లేరు మీద బండి నడక = ఏ ఆటంకమూ లేకుండా సాగే పని

అభ్యాసం

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. గ్రామసభ స్వరూపాన్ని, దాని ముందుకు రావలసిన విషయాలను వివరించండి.
2. పౌరుడు స్థానిక పాలనలో పాలుపంచుకోవడానికి రచయిత చెప్పిన మూడు మెట్లను ఉదాహరణలతో చర్చించండి.

II. సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఉత్తరమేరూరు శాసనంలోని ఆదర్శమేది? లోపమేది?
2. బోరింగు సంఘటన ద్వారా రచయిత ఏమి గ్రహించాడు?
3. గంగదేవిపల్లి విజయ రహస్యం ఏమిటి?

III. సందర్భ సహిత వ్యాఖ్యలు
1. “మాస్టారూ, ఆ రోజు మీరు సభకు వచ్చారా?”
2. “ఆ కాగితంలో ఎవరి ఇంటి నీళ్లు ఉన్నాయో మీకు తెలియదు.”

IV. భాషాంశాలు
సంధులు:
ఏకైక = ఏక + ఏక - వృద్ధి సంధి
స్వాతంత్ర్యానంతరం = స్వాతంత్ర్య + అనంతరం - సవర్ణదీర్ఘ సంధి
ఇంటింటికి = ఇంటికి + ఇంటికి - ఆమ్రేడిత సంధి

సమాసాలు:
గ్రామసభ = గ్రామము యొక్క సభ - షష్ఠీ తత్పురుష
శిలాశాసనం = శిలయందలి శాసనం - సప్తమీ తత్పురుష
ఆదాయవ్యయాలు = ఆదాయమును, వ్యయమును - ద్వంద్వ సమాసం
నాలుగు సంఘాలు = నాలుగు సంఖ్య గల సంఘాలు - ద్విగు సమాసం

V. ప్రాజెక్టు పని
మీ గ్రామంలో లేదా వార్డులో జరిగే తదుపరి సభకు హాజరై, అక్కడ చర్చించిన మూడు అంశాలను, అడిగిన ప్రశ్నలను, లభించిన సమాధానాలను ఒక పుటకు మించకుండా రాసి తరగతిలో చదవండి.